పేరెట్టని కుండీ

కడియపులంకలో నా పని
మొక్కల మెడలో పేర్లు కట్టడం.
తెల్ల ప్లాస్టిక్ ముక్క, నల్ల మార్కర్.
రోజుకి మూడొందలు రాస్తాను.
ఒక్కో రాత్రి కంచం ముందు కూర్చుంటే
మా ఆవిడ పేరు కూడా
ధరతో సహా గుర్తొస్తుంది.

కార్తీకంలో వచ్చిందో అట్టపెట్టె.
రంపపు పొట్టులో నలభై దుంపలు,
అచ్చం చిన్నుల్లిపాయలు.
"కమాస్ అంటార్రా," అన్నారు తాతబ్బాయి గారు,
"అమెరికా అడవి లిల్లీ. నీలంగా పూస్తుంది.
చలి తగలకపోతే మాత్రం పుయ్యదంట."
ఈ డెల్టాలో చలెక్కడుంది?
వేమగిరి సెంటర్లో సోడాకొట్టు ఫ్రిజ్జులో
పాల ప్యాకెట్ల వెనక
నెలకి రెండొందల అద్దెకి పడుకోబెట్టాం.
కొట్టతని భార్య ఓ పొద్దున్న
పులుసులోకని మూడు తరిగేసింది.
పొయ్యి మీదకెళ్లేలోపు ఎవరో కేకేశారు.

పెట్టెతో వచ్చిన కాయితాన్ని
ఆఫీసు పిల్ల తెలుగు చేసి చెప్పింది.
నేను విన్నాను. సంచులకి మట్టి నింపుతూ
మరిడమ్మ వింది.

అక్కడ కొండల కింద తడి మైదానాలట.
మంచు కరిగాక ఎంత విరగపూసేదంటే
దూరం నుంచి చూసినవాళ్లు
చెరువనుకునేవారట.
"మన కాలవకి తిరగేసి," అంది మరిడమ్మ.
నిజమే. గుర్రపుడెక్క పూసిన నెల
బస్సులో వాళ్లు మా కాలవ చూసి
పూలమడి అనుకుంటారు.

ఆడవాళ్లే తవ్వేవారట, కొనతేలిన కర్రలతో.
పెద్ద దుంప బుట్టలోకి,
పిల్లదుంప మళ్లీ మట్టిలోకి.
గొయ్యి తీసి, రాళ్లు కాల్చి, ఆకులు పరిచి
రెండు రాత్రుళ్లు పూడ్చిపెడితే
తెల్ల దుంప నల్లబడి తీపెక్కేది.
"తంపటేసిన తేగలాగుంటది,"
తినకుండానే తేల్చేసింది మరిడమ్మ.
దంచి బిళ్లలు చేసి ఎండబెట్టి
ఎండుచేపలకి మారకం వేసేవారట.
సరిగ్గా మగ్గకుండా తింటే మాత్రం
కడుపులో గోదారే.

ఇంకో మాట దగ్గర ఆఫీసు పిల్ల ఆగింది.
వాటి మధ్యలోనే ఇంకోటి మొలుస్తుందట.
అలాంటి ఆకే, అలాంటి దుంపే.
పువ్వొక్కటే తెలుపు.
అది తిన్నవాళ్లు లేవరు.
అందుకని పూసిన రోజుల్లోనే
తెల్లవాటిని వెతికి పీకేసేవారట.
పువ్వు రాలితే
ఎంత పండిన చెయ్యైనా పొరబడుతుంది.

మరిడమ్మ చేతిలో మట్టి ఆగింది.
ఎనభయ్యారు వరదలో, లంక మీద
బియ్యం తడిసి ముక్కిపోయిన వారం
అల్లిదుంపలు ఉడకేసుకున్నారు వాళ్లు.
తమ్ముడు కోటేసు, ఏడేళ్లవాడు,
గట్టు కోసుకుపోయిన చోట
ఇంకేదో తవ్వుకొచ్చాడు.
నాభిదుంప.
తీగని వరద లాక్కుపోయింది,
దుంపని వదిలేసింది.
"పువ్వుంటే గుర్తుపట్టేదాన్ని కదండీ,
నిప్పులాగుంటది."
అంతే. మళ్లీ సంచి అందుకుంది.

మాఘంలో నాటాం. నలభైలో
మూడు కత్తిపీట పాలు, పద్నాలుగు కుళ్లు పాలు,
ఇరవైమూడు గడ్డిలా లేచాయి.
"నీలి లిల్లీ, విదేశీ, నూటెనభై. రాసెయ్,"
అన్నారు తాతబ్బాయి గారు.
మూత తీశాను.
"నీలవని నువ్వు చూశావా బాబూ?"

మరిడమ్మకి అక్షరాలు రావు.
ఇన్నేళ్లూ నేను రాసిందంతా ఆవిడకి
తెల్లముక్క మీద నల్లచీమలు.
ఆకు నలిపి వాసన చూసి
మొక్కనే చదువుకుంటుంది.
మూత పెట్టేశాను.

ఫాల్గుణం. ఎండ ముదిరింది.
ఇరవైమూడింట్లో ఒక్కదాని నడుమ
కాడ లేచింది.
మొగ్గలు బిగించుకుని, పచ్చగా,
లోపలి రంగు ఎవరికీ చెప్పకుండా.

తణుకు నుంచి కారులో వచ్చినావిడ
వంగి చూసి, "ఇదెంత?" అంది.
మరిడమ్మ కుండీని తనవైపు జరుపుకుని
గోనెపట్టా నీడ సర్దింది.
"దీనికింకా పేరెట్టలేదండి."