కుడి చెంప

పుంతా అరేనాస్‌లో గాలికి తాళ్ళు కడతారు,
కూడళ్ళలో, జనం పట్టుకు నడవడానికి.
ఇరవై రెండేళ్ళు ఉత్తరాలు పంచాను ఈ వీధుల్లో,
ఒక్కనాడూ తాడు ముట్టుకోలేదు.
ఇప్పుడు ఒక చెయ్యి తాడు మీద,
ఒక చెయ్యి చెంపకి అడ్డం,
తాకకుండా, వేలెడు దూరంలో.

వెళ్ళింది ముక్కు కోసం.
పదకొండేళ్ళుగా మూసుకుపోయిన ముక్కు.
పై పెదవి ఎత్తి, చిగురు కోసి,
బుగ్గ ఎముకకి చిన్న కిటికీ పెట్టాడు డాక్టర్ కుర్టోవిచ్.
కిటికీ అన్నమాట ఆయనదే.
కిటికీ పెట్టాక గాలి రాదా?

ముక్కు తెరుచుకుంది, అబద్ధమెందుకు.
మూడోవారం పొద్దున్నే పక్కింటి రొట్టె వాసన,
జలసంధి మీంచి నాచు వాసన,
నా సంచిలో తడిసిన కాగితం వాసన.
ఏడ్చేశాను.
ఆ కన్నీరే చెంప మీదికి జారి
మొదటి మంట పెట్టింది.

ఎలా చెప్పను దాన్ని?
ఒకటి నుంచి పది లోపు అంకె చెప్పమంటాడు.
కరెంటు తీగ అంటే రాసుకుంటాడు.
నిమ్మరసంలో నానిన దారాన్ని
కంటి కింద నుంచి పై పంటి దాకా
ఎవరో లాగి, వదిలి, మళ్ళీ లాగినట్టు
అంటే పెన్ను ఆగిపోతుంది.
స్కాన్‌లో ఏమీ లేదమ్మా అన్నాడు.
నొప్పికి నీడ పడదు కాబోలు.

ఇక్కడ ఎవరెదురైనా
కుడి చెంపకి కుడి చెంప ఆనించి
గాల్లో ఒక ముద్దు వదలాలి, అది మర్యాద.
నేను ఎడమది తిప్పుతాను.
ముక్కూ ముక్కూ కొట్టుకుంటాయి, నవ్వేస్తారు.
ఉన్ని గోదాము పక్కనుండే ఓఫెలియా మాత్రం
అలిగాననుకుని మాట మానేసింది.

పాతికేళ్ళుగా గోడవైపు పడుకునే నిబాల్దో
ఏమీ అడక్కుండానే ఇవతలికి మారాడు.
నిద్రలో అతని చెయ్యి
నా ముఖం దాకా వచ్చి
దారి తప్పినట్టు భుజం మీద వాలుతుంది.

నిన్న ఓఫెలియాకి రిజిస్టరు ఉత్తరం.
సంతకం పెట్టింది, పలకరించలేదు.
గేటు తీశానో లేదో పడమటి గాలి.
చెంపకి వేలెడు దూరంలో
ఆగిన నా చేతిని చాలాసేపు చూసింది.
స్టవ్వు ఆపిందో లేదో,
శాలువా లాక్కుని వచ్చి
నా కుడిపక్కన చేరి
వీధి మలుపు దాకా నడిచింది.
ఆమె జుట్టులో వేగిన ఉల్లిపాయల వాసన.

ఇద్దరం మాట్లాడలేదు.
నోరు తెరిస్తే పంటికి గాలి తగులుతుంది నాకు.
ఆమె సంగతి తెలియదు.