ఎవరక్కడ

రోటర్‌డామ్‌లో ఎవరో విప్పి అమ్మేసిన బోర్డు.
కవరు చింపగానే వేరే ఊరి గది వాసన,
కాలిన దుమ్ముదీ చల్లటి ఇనుముదీ.
సగం ధరకే వచ్చిందని సంబరపడ్డాను గానీ
సగం ధర సామాన్లన్నీ
మిగతా సగాన్ని రాత్రిళ్ల లెక్కన వసూలు చేస్తాయి.

లియెపాయలో నవంబరు.
సంగీత పాఠశాల మెట్ల కింద సామాన్ల గది.
ముప్పై ఏళ్ల బృందగానాలు టేపుల్లో బూజుపడుతుంటే
వాటికో చోటు చూపిస్తానని ఒప్పుకున్నది నేనే.
నాకు మోకాళ్ల నొప్పి. కాలువ అవతల ఇల్లు.
ప్రతిసారీ వచ్చి మీట నొక్కలేను.
అందుకే ఈ బోర్డు: దీని మూలన ఇంకో బుల్లి చిప్పు,
పెద్దది పడుకున్నా తాను మేలుకుని ఉండేది,
దూరం నుంచి పిలిస్తే పలికేది.

పలకాలి కదా.

పాత కేసులో బిగించి ప్లగ్గు పెట్టాను.
సెకనుకోసారి ఆకుపచ్చ దీపం.
నాడి ఉంది, మాట లేదు.
రూటర్ జాబితాలో కొత్త పేరేదీ చేరలేదు.
కేబుల్ మార్చాను. జంపర్ పీకి పెట్టాను.
గుండీ బ్యాటరీ ఊడదీసి
ఒక టీ తాగేంతసేపు ఆగి మళ్లీ తొడిగాను.
అలా చేస్తే పోయేది గడియారం ఒక్కటే, తాళం కాదని
తర్వాత తెలిసింది.
కాపలా ఐవర్స్ తలుపులోంచి తొంగిచూసి
"ఇంకా ప్రాణం ఉందా?" అన్నాడు.
దాన్ని అడిగాడో నన్ను అడిగాడో.

మూడో రాత్రి అడగడం మానేశాను.
కేబుల్ నేరుగా నా లాప్‌టాప్‌కి తగిలించి
ఊరికే విన్నాను.

అప్పుడు వినపడింది.
పది, నలభై నాలుగు, ఏడు, ఒకటి
ఎవరు?
ఉంటే ఇరవై మూడుకి చెప్పండి.
కాసేపాగి మళ్లీ:
పది, నలభై నాలుగు, ఏడు, ఒకటి
ఎవరు?

ఆ గేటు ఇప్పుడు లేదు.
ఆ గదిలో ఏ జిమ్మో, ఏ పూల గోడౌనో వచ్చి ఉంటుంది.
కరెంటు తగిలిన ప్రతిసారీ ఇది మాత్రం
లేచి వాకిలెక్కడని అడుగుతోంది,
మూడు రాత్రులుగా, నా మోచేతి పక్కనే.
నేనేమో మూగదనుకున్నాను.

ఆ నంబరు నా లాప్‌టాప్‌కి పెట్టి
నేనే, అన్నాను.

ప్రశ్న ఆగిపోయింది.

ఇల్లలకగానే పండగా?
పేజీ తెరుద్దామంటే సర్టిఫికెట్ గడువు తీరి ఆరేళ్లు,
బ్రౌజర్ ముక్కు మూసుకుని పక్కకు జరిగింది.
ఫ్యాక్టరీ పాస్‌వర్డు పెద్దక్షరాల్లో ఒకసారి, చిన్నక్షరాల్లో ఒకసారి.
మూడోసారికి పావుగంట మొహం చాటేసింది.
చివరికి పెన్‌డ్రైవులో లినక్స్ పెట్టి
లోపలి నుంచే వెళ్లాను.
ఇంట్లో ఉన్నవాళ్లని ఎవరూ తాళంచెవి అడగరు.
వాడేవాళ్ల వరసలో రెండో పేరు: ఫెమ్కె.
ఆమె పాస్‌వర్డు మార్చేశాను,
లాట్వియన్‌లో క్షమాపణ చెప్పుకుని.

లాగ్ చదవకుండా ఉండాల్సింది.
నాలుగో ఫ్యాను నెమ్మదించింది.
నాలుగో ఫ్యాను నెమ్మదించింది.
మూత తెరిచారు, తెల్లవారుజాము మూడూ పది.
మూత మూశారు, మూడూ పన్నెండు.
ఆ తర్వాత ఏడాది పాటు నాలుగో ఫ్యాను ఊసే లేదు.
రెండు నిమిషాల్లో, నిద్రకళ్లతో,
ఎవరి చేతులో అవి.

అన్నిటికంటే కింద, కొత్త వరస:
మూత తెరిచారు, 1970 జనవరి ఒకటి.
అది నేను. నేను పీకిన బ్యాటరీ పుణ్యం.
నేను పుట్టడానికి రెండేళ్ల ముందే
ఈ మెట్ల కింద కూర్చుని దీని మూత తీశాను.
అన్నీ తుడిచేయడానికి బటన్ ఉంది.
ఇంకా నొక్కలేదు.

శనివారం రాత్రి, మంచంలో,
సముద్రం మీంచి గాలి కిటికీని గుద్దుతుంటే
ఫోన్లో పవర్ అని ఉన్నచోట వేలు పెట్టాను.
కాలువ అవతల చీకట్లో
నాలుగు ఫ్యాన్లూ ఒక్కసారిగా ఊళ పెట్టి ఉంటాయి.

నిమిషం తిరక్కుండా ఐవర్స్ ఫోను, గొంతు తగ్గించి:
"జిద్రా, సామాన్ల గదిలో ఎవరో ఉన్నారు."

దుప్పటి సర్దుకుని
నేనే, అన్నాను.