రబ్బరు చెవి

నా బల్ల మీద ఒక చెవి ఉంది.
రబ్బరుది. బూడిద రంగు.
తమ్మెకు పోగు లేదు, లోపల గుబిలి లేదు.
ఏ మాటనీ ఎన్నడూ పెడచెవిన పెట్టని చెవి.

డోంగ్వాన్‌లో, మూడో అంతస్తులో,
గోడలకి నురుగు తాపడం చేసిన గదిలో
పన్నెండేళ్ళుగా దానికి పాట పెడుతున్నాను.
పాటంటే పాట కాదు,
పాతాళంలో గొణుగుడుగా మొదలై
దోమ రెక్క దాటి
గబ్బిలానికి అప్పగించేదాకా సాగే
ఒకే ఒక్క ఈల.
తెర మీద గీత పాకుతుంది.
ఇక్కడ గుట్ట, అక్కడ పల్లం.
ఎనిమిది వేల హెర్ట్జ్ దగ్గర ముల్లులా లేచిందా,
నాకు పన్ను జివ్వుమంటుంది.

ఒకప్పుడు పాటంటే చెవి కోసుకునేవాణ్ణి.
ఇప్పుడు నాకు కూడు పెడుతున్నది
కోసిపెట్టిన చెవే.

ఇంట్లో షియుజెన్ కూర తిప్పుతూ రేడియో పెట్టి
"ఆ గొంతు చూడు, తేనె" అంటుంది.
నాకు తేనె తగలదు.
మూడు వేల దగ్గర వాపు తగులుతుంది.
చెప్పేస్తాను కూడా.
"నీతో పాట వినడం
డాక్టరుతో విందుకెళ్ళినట్టుంటుంది,
ముద్ద ముద్దకీ కొవ్వు లెక్క"
అని గరిటె సింకులో పడేస్తుంది.

మూడు వారాల కింద, రాత్రి షిఫ్టు బస్సులో
నా పక్కన నోంగ్ గుయ్‌లాన్.
టంకం లైను, పదిహేడో కుర్చీ.
చెవుల్లో తెల్ల తీగలు, కళ్ళు మూతలు,
మోకాలి మీద వేలు తాళం.
తీగ మీద ఎర్ర చుక్క చూశాను.
నేను పెట్టిన చుక్కే.
పనికిరాదని పారేసిన జత.
ఎడమ కంటే కుడి మూడు డెసిబెళ్ళు ఎక్కువ,
కింది స్వరాలు మెత్తబడ్డ అన్నంలా ముద్ద ముద్ద.
మనుషుల ముఖాలు మరిచిపోతాను గానీ
ఆ గీత నాకు గుర్తుంది.

చెత్తబుట్టలోది తీసుకుంటే దొంగతనమా కాదా,
రూలు ఏదో ఉంది. ఆ క్షణాన గుర్తు రాలేదు.
"వినచ్చా?" అన్నాను.
కుడిది తీసి చొక్కాకి తుడిచి ఇచ్చింది.

ఎవరిదో పెళ్ళిలో ఫోనుతో పట్టిన పాట.
ఇద్దరాడవాళ్ళు. ఒకామె అడుగుతుంది, ఒకామె బదులిస్తుంది.
వాళ్ళ జువాంగ్ భాష నాకు ఒక్క ముక్క రాదు.
గిన్నెల చప్పుడు. కుక్క.
ఫోను మైకు, సగం స్వరాలు గాలికే పోయాయి,
అనుకుంటూనే ఉన్నాను.

"కుడి చెవి కాస్త మందం నాకు,
ఇదివరకు రేకుల ప్రెస్సులో చేశాను" అంది తను.
నేను సీట్లో లేచి కూర్చున్నాను.
మూడు డెసిబెళ్ళు! కుడికే ఎక్కువ!
నీ చెవికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది,
అందుకే నీకింత బాగా...
గడగడా చెప్పుకుపోయాను.

జాలిగా చూసింది.
"అదేమో నాకు తెలీదు సార్.
ఇదిగో, ఇక్కడ మా మేనత్త దగ్గుతుంది.
దగ్గి, మళ్ళీ అందుకుంటుంది.
అది బావుంటుంది. ఉండండి, వస్తోంది."

బస్సు బ్రేకు వేసింది.
మా తలల మధ్య తీగ బిగిసింది.
ఇద్దరం ఒకేసారి ముందుకు వంగాం,
ఊడిపోకుండా.

దగ్గింది.
అందుకుంది.

మర్నాడు ఆ పాట అడిగి తెచ్చుకుని
తలుపు మూసి రబ్బరు చెవికి వినిపించాను.
గీత వచ్చింది, ఎలుక కొరికిన అంచులా.
దగ్గు దగ్గర చిన్న బొడిపె.
దాని మీద కాసేపు వేలు పెట్టుకు కూర్చున్నాను.
చెవి మాత్రం ఉలకలేదు, పలకలేదు.
దాని తప్పేం లేదు.

ఆ రోజూ నలభై ఒక్క జతలకి ఎర్ర చుక్క పెట్టాను.
పెట్టాలి కదా, పని.
చెత్తబుట్టని మాత్రం
తలుపు వైపు కాస్త జరిపాను.