ముట్టుకోని బంతి

మొదటి క్వార్టరుకీ మూడోదానికీ ఎర్రపెన్ను,
రెండుకీ నాలుక్కీ నీలం.
జూట్ మిల్లు టైమాఫీసులో ముప్ఫై ఒక్కేళ్ళు
ఒక్క నీలంతోనే బతికినవాణ్ణి.
రిటైరయ్యాక ఈ లీగు వాళ్ళు పిలిచి
రెండు రంగులు చేతికిచ్చారు.

విజయనగరం ఇండోర్ స్టేడియం. బయట వాన,
రేకుల మీద చోళ్ళు చెరిగినట్టు.
లోపల మనవాళ్ళు పందొమ్మిది, కాకినాడ పదహారు.
తర్వాతి క్వార్టర్లో పద్నాలుగు, ఇరవై.
అక్కడే పోయింది మ్యాచి అంటారు తెలిసినవాళ్ళు.
నాకు తెలీదు, నేను గళ్ళు నింపుతాను.
బంతి వలలోంచి జారాకే నా పని పుడుతుంది.

పదకొండో నెంబరు పొట్నూరు హేమసుందరి.
ఇరవై షాట్లకి తొమ్మిది దిగాయి,
తొమ్మిది ఫ్రీ త్రోలకి ఆరు.
ఆమె వరసలో అడుగు పెట్టే చోటుండదు,
సంతరోజు గంటస్తంభం వీధిలాగ.

పద్నాలుగో నెంబరు సూరాడ నూకరత్నం,
బందరువానిపేట అమ్మాయి.
ఆమె వరసలో నాలుగు ఫౌళ్ళు, అంతే.
దూసుకొస్తున్న మనిషికి ఎదురెళ్ళి
కాళ్ళు నాటి నిలబడుతుంది,
పడవకి లంగరేసినట్టు.
ఛాతీకి దెబ్బ తగిలి వెల్లకిలా పడింది, మూడుసార్లు.
మూడుసార్లూ నవ్వుతూ లేచింది.
దానికి నా కాగితంలో గడి లేదు.

మూడో క్వార్టర్లో కరెంటు రెప్ప వేసింది.
ఆ చీకట్లో బుట్ట కింద ఎనిమిది చేతులు.
వెలుగొచ్చేసరికి వల ఊగుతోంది.
ఎవరిదిరా అంటే, పక్కన గడియారం చూసే కుర్రాడు
పద్నాలుగండీ అన్నాడు.
రాసేశాను. ఎర్రగా, రెండు.

అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి. ఓడాం.
హారన్ మోగితే నాకు ఇప్పటికీ
మిల్లు కూతే వినిపిస్తుంది,
లేచి గేటు మూసెయ్యాలనిపిస్తుంది.

రిఫరీ ఇంకా సంతకం పెట్టలేదు.
తడితువ్వాలు మెడలో వేసుకుని టేబుల్ దగ్గరికొచ్చింది.
"సారూ, ఆ రెండూ నావి గావు.
నాను అడ్డు నిల్చున్నానంతే, బంతి ముట్టుకోనేదు.
ఏసింది హేమక్క."

మొత్తం మారదమ్మా, అన్నాను.
ఎటు రాసినా ఓటమి మూడుతోనే.
ఈ సీజనంతా కలిపి నీకున్నవి ఈ రెండే,
ఉండనియ్యరాదూ?

"ఉన్నవి గావు గదా సారూ."

నా టైమాఫీసు కిటికీ దగ్గరికొచ్చిన వాళ్ళందరూ
కలపమనే వచ్చారు.
అరపూట, ఒక షిఫ్టు, పండగ ముందు ఓటీ.
స్పిన్నింగ్ ఖాతా దండాసి ఒక్క నిమిషం కోసం
కిటికీ ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.
కూత కూతే అన్నాను.
తీసెయ్యమని అడిగిన మనిషిని
అరవై ఏడో ఏట చూస్తున్నాను.

కొట్టేశాను. రిఫరీ పక్కన పొట్టిసంతకం గీశాడు.
హేమసుందరికి ఇరవైఒక్క షాట్లకి పది,
ఇరవై నాలుగు పోయి ఇరవై ఆరు.
పద్నాలుగు ఎదురుగా సున్నా.
మొదలైన చోటికి గీత సరిగ్గా వచ్చి కలిసేదాకా
ఆ పిల్ల వంగి చూసింది,
"సరిపోనాది" అని వెళ్ళిపోయింది.

మూడు లాంతర్ల దగ్గర టీ చెప్పి
బస్సు టికెట్టు వెనక నా సొంత లెక్క వేసుకున్నాను.
ఆమె కోర్టులో ఉన్న ఇరవై మూడు నిమిషాలు,
మనం పన్నెండు పైన.
బెంచీ మీదున్న పదిహేడు నిమిషాలు,
పదిహేను కింద.
రెండుసార్లు కూడాను. తీసివేత మూడే వచ్చింది.

టికెట్టు మీద ఇంకా కాస్త తెలుపు మిగిలింది.
నీలంపెన్ను తీసి
దండాసి అని రాసి
ఒక నిమిషం వేశాను.
టీ చల్లారిపోయింది.