లోపలి మడత

డండీలో శనివారం వాన ఎవరినీ అడగదు.
ఇరవై రెండో నంబరు బస్సు డిపోలో అప్పగించి
యూనిఫారంతోనే, తడుస్తూ,
మిసెస్ గెడెస్ పాతబట్టల కొట్టుకి నడుస్తాను.
తలుపు గంట మోగుతుంది.
కొట్టులో పిల్ల నన్నోసారి, హ్యాంగర్లనోసారి చూసి
గొంతులో తేనె కలుపుకుంటుంది:
"స్కార్ఫులు ఆ మూలనున్నాయండీ. బ్రోచీలు కూడా."

స్కార్ఫులు!
నా బీరువాలో ముప్పై ఏడున్నాయి.
ఏ కొట్టుకెళ్ళినా కొలత అక్కర్లేనివే నాకు చూపిస్తారు.
చేతిసంచులు, చెవిదుద్దులు, టోపీలు.
నాలో తలొక్కటే అమ్మకానికి పనికొచ్చినట్టు.

నేను మాత్రం గౌన్ల వరసలోకే వెళ్తాను.
గులాబీల పాప్లిన్, సముద్రప్పచ్చ క్రేప్,
నడుములు నా మోచేతికి గాజుల్లా ఉన్నాయి.
ఆ రోజుల్లో అందరూ రెల్లుపుల్లలేనట.
ఎవరు చెప్పారు?
మా అమ్మమ్మ జనపనార మిల్లులో మగ్గం నడిపేది.
ఫోటోలో గుమ్మం నిండా నిలబడి నవ్వుతోంది,
తెల్ల చుక్కల గౌనులో.
ఆ గౌనేమైందని ఓసారి అమ్మనడిగాను.
మోచేతులు చిరిగేదాకా తొడిగిందే మొరాగ్,
తర్వాత నాకో కోటు, మీ మామయ్యకి రెండు చొక్కాలు,
చివరి పీలిక చాలా ఏళ్ళు గిన్నెలు తుడిచింది, అంది.

అదీ సంగతి.
సన్నవాళ్ళ గౌన్లు ఒక్క పెళ్ళి చూసి
కలరా ఉండల మధ్య పడుకున్నాయి.
లావువాళ్ళవి పనికెళ్ళాయి.
పెద్ద గుడ్డలో ఇంటిల్లిపాదికీ వాటా ఉంటుంది మరి.

హీటరు పక్కన అట్టపెట్టె. ఇంకా ధర రాయలేదు.
అడుగున రేగుపండు రంగు ఉన్ని గౌను,
బరువుగా, తడికుక్క వాసనతో.
తిరగేశాను.
పక్క కుట్టులో మూడు వరసల సూది గుర్తులు.
ఒక వరసలో ఎర్రదారం, ఒకదాంట్లో నల్లదారం,
మూడోదాంట్లో దారం దొరకలేదేమో, చేపల వల పురి.
మెడ దగ్గర చాకలి సిరాతో: ఎఫీ లమ్స్‌డెన్.
గుడ్డకి తగ్గట్టు ఒళ్ళుండాలంటుంది లోకం.
ఈవిడ ఒంటికి తగ్గట్టు గుడ్డని మూడుసార్లు ఒప్పించింది.

తెర సగమే మూసుకునే గదిలో ఊపిరి బిగబట్టాను.
ఇనుప జిప్పు పక్కటెముకల దాకా వచ్చి ఆగిపోయింది.
నాలుగు వేళ్ళ దూరం.
కొట్టు పిల్ల నా బూట్లకేసి చూస్తూ "అయ్యో" అంది.
నేను మళ్ళీ తిరగేశాను.
లోపల, అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు,
ఇంకా మడత ఉంది.

ఎఫీ, నాకోసమా? కాదులే.
నీకోసమే దాచుకున్నావు.
ఇంకా తింటానని, ఇంకా పెరుగుతానని
నీకెంత ధీమా!

లాఖీ టెర్మినస్‌లో బస్సు ఆరు నిమిషాలాగుతుంది.
స్టీరింగు మీద గౌను పరిచి వారమంతా కుట్లు విప్పాను.
రెండో ట్రిప్పులో ఎక్కే ముసలాయన
అద్దాలు సవరించుకుని దారం పట్టుకున్నాడు,
ఏమీ అడగలేదు, దిగేచోటు మాత్రం దాటిపోయాడు.

ఈ శనివారం హాల్లో ట్రంపెట్లు.
గౌనుకి రెండు పక్కలా, చంక నుంచి తుంటి దాకా
కొత్తగా బయటపడ్డ పట్టీలు.
డెబ్భై ఏళ్ళు ఎండ మొహం చూడలేదేమో,
మిగతా గుడ్డకన్నా ముదురుగా, పచ్చి గాయంలా మెరుస్తున్నాయి.
చేతులు దించుకుంటే కనపడవు, అంది అక్క.
చేతులు దించుకుని నాట్యమెలా చేస్తారు?

పైకెత్తాను.
చూసేవాళ్ళు చూశారు.
రెండో పాటకే వీపంతా చెమట, మెడ చుట్టూ దురద.
ఎఫీ, ఈ ఉన్ని ఇంత గోకుతుందని
ఎక్కడైనా ఓ ముక్క రాసి ఉండాల్సింది.