సంపు విప్పినాక

మామిడికాయల సీజను ఇంకో పది దినాలుండాదనంగా
చెంగల్రాయుడు జీపు తోలుకొచ్చినాడు
చిత్తూరు బయట, పలమనేరు రోడ్డులో
నా షెడ్డు కాడికి.
"మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
లోపల యాడో టకటకమంటా ఉండాదన్నా"
కడుపునొప్పి చెప్పుకునే పిల్లోడి మాదిరి.

తాళం తిప్పి చూస్తిని.
అన్ని దీపాలూ వెలిగినాయి,
ఆయిలు బొమ్మ కాడ మాత్రం చీకటి.
మీటర్ల వెనక చెయ్యి పెడితే
బల్బు లేదు, ఉత్త గుంత.
"పోయిన దీపావళి నుంచీ
మలుపు మలుపుకీ ఎర్రగా మినుకుతా ఉండె.
రాత్రిపూట కండ్లకు అడ్డమని పీకేస్తి."

ఏమంటాం.
గోనెపట్ట పరిచి కిందికి దూరినా.
ప్లగ్గు వదులు చేస్తే
నూనె ధారగా దిగలా,
మాడిన బెల్లం పాకం మాదిరి
అలిగి అలిగి దిగింది.

సంపు దించి పంపు విప్పినా.
రెండే రెండు పండ్ల చక్రాలు.
ఇంజనులో అందరికన్నా అడుగున కూర్చోని
పైనోళ్లందరికీ వడ్డించేది ఇదే.
పెండ్లిలో గాడిపొయ్యి కాడి మనిషిని
ఫోటోకు ఎవురు పిలుస్తారు?
స్కేలు ఆనించి రేకు దూర్చి చూస్తే
పది పాయింట్ల రేకు కూడా దూరలా.
అరగలేదు. బంగారం.

మరి తప్పు యాడ?

నూనె పీల్చే జల్లెడ తిప్పి చూసినా.
నిండా ఎర్రగా
తుంచిపోసిన సేమ్యా మాదిరి
గ్యాస్కెట్టు గమ్ము.

నాలుగేండ్ల కిందట ఈ సంపు మూసింది నేనే.
చుక్క కారకూడదని
ఒక వరస చాలినచోట మూడు వరసలు పూస్తి.
ఎక్కువైంది లోపలికి పిండుకొని
గట్టిపడి, తెగి,
తునక తునకగా జల్లెడకు చేరింది.
బయట మాత్రం చుక్క కారలా.
నేను మూస్తే కారదని
టీ అంగట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

కిరసనాయిలు, పాత పండ్ల బ్రష్షు, ఒక మధ్యాహ్నం.
కొత్త రాగి వాషరు.
పంపు గొంతులో కొత్త నూనె పోసి చేత్తో తిప్పినా,
బోరింగుకు చెంబుడు నీళ్లు పోసి కొట్టినట్టు.
ఎండిన పంపుకు గాలి తప్ప ఏమీ అందదు.
ఈసారి గమ్ము నూలుపోగంత.
పూసేటప్పుడు ఊపిరి బిగబట్టినా.

బల్బు పదిహేను రూపాయలు.
స్టాపు వైరు లాగిపట్టి సెల్ఫు కొట్టమంటిని.
ఎర్రగా వెలిగింది.
ఒకటి. రెండు. మూడు.
చెంగల్రాయుడు నా ముఖం చూస్తాండాడు.
నాలుగు. అయిదు.
ఆరు అనేసరికి ఆరింది.

చీటీలో నూనె, ఫిల్టరు, వాషరు, బల్బు రాసినా.
"కూలి మర్చిపోయినావే దస్తగిరన్నా."
పొట్లం విప్పి
ఆ ఎర్ర తునకలు వాడి అరచేతిలో పోస్తిని.
వక్కలనుకున్నాడో ఏమో,
వాసన చూసినాడు.
"ఏంటివి?"
"నావే" అంటిని.