నేను నేర్పిన వాక్యం

హాప్సలు బడి జిమ్‌లో, బాస్కెట్‌బాల్ గీతల మీద
ఆరు శనివారాలు నిలబెట్టాను వాళ్లని.
మొదటి వారం పదకొండుమంది.
కాఫీ ఫ్లాస్కులతో కొందరు, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఒకాయన.
జీతం లేదు. తుపాకి లేదు.
పసుపు జాకెట్టు ఒకటి, అదీ ముందు బ్యాచ్ వాళ్ల చెమట వాసనతో.

బేకరీ మాల్లే, కట్టుడు పళ్లు తయారుచేసే ఓట్,
చేపల డబ్బాలకు మూతలేసే యంత్రం దగ్గర నిలబడే ఊర్వే.
స్టేషన్లో మావాళ్లు వాళ్లకు పెట్టిన పేరు
శనివారం పోలీసులు.
నేనూ అన్నాను. దాచి ఏం లాభం?

సంకెళ్లు వేయడం పావుగంటలో వస్తుంది.
వేయకుండా ఉండడం నేర్పేసరికి
నెలన్నర పట్టింది.
రైవోకి ఆ చప్పుడంటే ఇష్టం, ఊరికే
తెరుస్తూ మూస్తూ ఉండేవాడు, టక్ టక్ టక్.
మూడోవారం ఇంటికి పంపేశాను.
నా మీద పై అధికారికి ఉత్తరం రాశాడు, రెండు పేజీలు, చక్కటి దస్తూరి.

తాగుబోతు వేషం ఎప్పుడూ నాదే.
తూలుతూ, వాళ్ల అమ్మల్నీ అక్కల్నీ తిడుతూ
ఒక్కొక్కరి మీదికీ వెళ్లాను.
ఓట్ బిగుసుకుపోయాడు. మాల్లే నాకంటే గట్టిగా అరిచింది.
ఊర్వే మాత్రం నేలకేసి చూసి
"మీ బూటు లేసు ఊడింది, పడిపోతారు" అంది.
నిజంగానే ఊడింది.
తర్వాతి తిట్టు నాకు గుర్తు రాలేదు.

ఆఖరి శనివారం రాయడం నేర్పాను.
చూసింది రాయండి, అనుకున్నది కాదు.
టైము వేయండి.
కర్త లేని వాక్యం రాయొద్దు.
'దెబ్బ తగిలింది' కాదు, ఎవరు కొట్టారు?
'తలుపు విరిగింది' కాదు, ఎవరి కాలు?
బల్ల మీద సుద్దముక్కతో కొట్టి మరీ చెప్పాను.
ఊర్వే పెన్సిలు నాలుకకి అద్దుకుని రాసుకుంది,
కిరాణా చిట్టీ రాసుకున్నట్టు.

ఫిబ్రవరి. సముద్రం గడ్డకట్టి, మళ్లీ అంచుల్లో కరుగుతున్న రోజులు.
మంచు మీదికి వెళ్లొద్దంటే వెళ్లాడు వెల్లో,
బకెట్టూ, గాలమూ, అరసీసా తీసుకుని.
నా మోకాలు సలుపుతోంది. నిద్రపోయి ఒక పగలూ రెండు రాత్రులూ.
ఎలాగో రేవు మెట్ల దాకా తీసుకొచ్చాక
నా మొహం మీద నవ్వాడు.
ఆ తర్వాత అతని తల పడవలు కట్టే ఇనుప దిమ్మకి తగిలింది.

రిపోర్టులో నేను రాసింది: అతను జారి పడ్డాడు.
ఆ నెలలో, ఆ ఊళ్లో, ఎవరు కాదంటారు?

తెల్లవారకముందే ఊర్వే నా బల్ల దగ్గరికి వచ్చింది.
షిఫ్టుకి వెళ్లాలి కాబోలు, ఫ్యాక్టరీ టోపీ అప్పటికే పెట్టుకుంది.
నోటుపుస్తకం తెరిచి పెట్టింది.
"పది నలభై. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులతో నెట్టారు.
వెల్లో వెనక్కి పడ్డాడు. అక్కడ మంచు లేదు, ఇసుక చల్లి ఉంది."
నన్నేమీ అడగలేదు.
"ఇచ్చేముందు మీకు చూపించాలనిపించింది" అంది.
పెన్సిలు గీతలు. రబ్బరు నా సొరుగులోనే ఉంది.
ఇద్దరికీ తెలుసు.

వెల్లోకి ఏడు కుట్లు. నాకు గస్తీ పోయింది,
ఈ జిమ్ ఒక్కటీ మిగిలింది.
ఊర్వే ఇప్పటికీ వస్తుంది, డ్యూటీకి అయిదు నిమిషాల ముందు,
జుట్టులో పొగబెట్టిన చేపల వాసనతో.
స్టేషన్లో ఆమెకి ఇంకే పేరూ పెట్టలేదు.
కారులో పక్కసీటు కోసం కుర్రాళ్లు తటపటాయిస్తారు,
ప్రమాదం అంటే మాత్రం ముందు ఆమెనే పిలుస్తారు.

ఇవాళ కొత్త బ్యాచ్, తొమ్మిదిమంది.
మళ్లీ తాగుబోతు వేషం వేశాను.
ఈసారి లేసు కావాలనే విప్పి ఉంచాను.
తూలుతూ ఏడుగురిని దాటాను.
ఇంకా ఎవరూ చూడలేదు.